మాట మోసిన ఆగ్నెస్ టింబ్రెల్ గారు

శ్రీమతి ఆగ్నెస్ టింబ్రెల్ గారు 1936వ సంవత్సరం మే నెల పదహారవ తేదీ శనివారం నాడు, ఈశాన్య ఇంగ్లండు తీరాన ఉన్న మా స్కెల్‌బర్న్ ప్రాణరక్షక కేంద్రంలో విధులలో చేరారు. నాటి నుండి 1968 సెప్టెంబరు వరకు, ముప్పై రెండు సంవత్సరాల సుదీర్ఘ కాలం, ఒక్క దినమైనా సెలవు కోరక, ఒక్కనాడైనా పదోన్నతిని ఆశించక, పిలిచిన ప్రతిసారీ నీటిలోకి దిగి, దిగిన ప్రతిసారీ తిరిగి వచ్చిన ఆ మహనీయురాలు ముప్పై అయిదు అడుగుల పొడవూ, ముప్పై అయిదు గుర్రాల బలం గల పెట్రోలు ఇంజనూ, నీలం తెలుపు రంగుల దేహమూ కలిగిన మోటారు లైఫ్‌బోటు. బోటును గారు అనడమేమిటని పట్నం నుండి వచ్చిన అతిథి ఒకరు వీడ్కోలు సభలో నవ్వారట. ఆయన చలికాలంలో ఒక్కసారి మా నల్లరాళ్ళ దగ్గర మునిగి చూస్తే, గారు ఎంత చిన్నమాటో తెలిసివచ్చేది.

ఈ అభినందన సంచిక వీడ్కోలు సభనాటికే చేతికి అందవలసింది. అచ్చాఫీసువారు హెర్రింగు చేపల టోకు ధరల కరపత్రాలకు పెద్దపీట వేయడం వల్ల నెల రోజులు ఆలస్యమైంది. అందుకు పాఠకులు క్షమించాలి. అయితే ఆ ఆలస్యం వల్లనే, ఆవిడ సేవలలో కెల్లా గొప్పదాన్ని, బోటు షెడ్డు గోడ మీది ఫలకంలో ఎన్నడూ చోటు దొరకని దాన్ని, ముగింపుతో సహా ఇక్కడ చెప్పే అవకాశం కలిగింది.

ఆవిడ పేరు ఆవిడది కాదు. దేశం మధ్యలో, సముద్రానికి సాధ్యమైనంత దూరంలో ఉన్న ఒక పట్నంలో టోపీల వ్యాపారి భార్యగా జీవించి, నీళ్ళంటే ప్రాణభయంతో స్నానాల తొట్టి అంచు కూడా గట్టిగా పట్టుకునేవారని పేరుపడ్డ ఒక ఉదారురాలు, తాను పోతూ పోతూ తన ఆస్తిలో సగం లైఫ్‌బోటు కోసం రాసిపోయారు. తన బదులు తన పేరైనా ఈత నేర్చుకుంటుందని ఆమె అనుకుని ఉండవచ్చు. నామకరణం నాడు ప్రార్థన మందిరం బోధకుడు ఆశీర్వదించాడు, బాజాలు మోగాయి, ఊరి ఆడవాళ్ళు మోకులు భుజాన వేసుకుని ఆవిడ ఎక్కి ఉన్న ఇనుప చక్రాల బండిని మోకాటి లోతు నీళ్ళలోకి లాగగా, ఆగ్నెస్ గారు తొలిసారి మా సముద్రంలో అడుగుపెట్టారు. చుక్కాని దగ్గర నిలబడినవాడు మాథ్యూ ఫాకస్. అప్పటికి అతను ఇరవై ఎనిమిదేళ్ళవాడు, ఈ తీరం మొత్తానికి అంత చిన్న వయసు సరంగు మరొకడు లేడు. ముందు భాగంలో కాళ్ళు ఆనించి, నీటి లోతు చూస్తూ కూర్చున్నవాడు అతని తమ్ముడు లూక్. మోకు లాగే ఆడవాళ్ళకు ముందు నిలిచి పాట అందుకున్నది మాథ్యూ భార్య హానా. నడుమ, ఇంజను మూత పక్కన కూర్చున్నవాడు మెకానిక్ ఐజాక్ రెనర్. ఈ నలుగురి పేర్లు గుర్తుంచుకుంటే చాలు, ఈ కథకు ఇంకెవరూ అక్కర్లేదు.

మొదటి శీతాకాలంలోనే పొగమంచులో దారి తప్పిన ఆరు చేపల పడవలను కోడిపిల్లలను తోలుకొచ్చినట్టు ఒడ్డుకు తోలుకొచ్చి ఆవిడ ఊరి మెప్పు పొందారు. యుద్ధం వచ్చిన తరువాత దీపాలు ఆర్పేశారు, సిబ్బందిని పిలిచే తారాజువ్వలు ఆపేశారు. ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టి సిబ్బందిని లేపవలసి వచ్చేది. ఆ చీకటి సంవత్సరాలలో మన విమాన చోదకులనూ, అవతలి పక్షం విమాన చోదకులనూ కూడా, తడిసిన మనిషి తడిసిన మనిషే అన్న సమదృష్టితో, ఆగ్నెస్ గారు ఒడ్డుకు చేర్చారు. హానా ఇద్దరికీ ఒకే కెటిల్‌లోంచి టీ పోసేది. చక్కెర మాత్రం మనవాళ్ళకే వేసేదని కొందరంటారు. ఆమె ఒప్పుకోదు.

ఇంతవరకు ఏ లైఫ్‌బోటు చరిత్రలోనైనా కనిపించేదే. ఇక 1947 మార్చికి వద్దాం. దానికి ముందు మా ఊరి పలుకుబడి గురించి ఒక మాట చెప్పాలి.

మా ఊళ్ళో ఒక జంతువు పేరు పలకరు. బురదలో పొర్లేది, గుర్రుగుర్రుమనేది, చెవులు వేలాడేసుకుని ఉండేది. ఆ పేరు చెవిన పడితే ఆనాడు పడవ నీళ్ళలో దిగదు. పొరపాటున విన్నవాడు తక్షణం ఇనుమును ముట్టుకోవాలి. ప్రార్థన మందిరంలో కూడా, దయ్యాలు ఆ మందలోకి దూరి కొండ మీంచి దూకిన ఘట్టం వచ్చినప్పుడు బోధకుడు 'ఆ మంద' అని దాటవేస్తాడు. కొత్తగా వచ్చిన ఒక బోధకుడు దాటవేయకుండా చదివితే, బల్లల కింద మేకుల కోసం అందరూ ఒక్కసారి వంగేసరికి, సభ మొత్తం భక్తితో మోకరిల్లిందనుకుని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అవసరం పడితే మేము దాన్ని 'గుర్రాయన' అంటాం. ఉత్తరాన మూడు మైళ్ళ అవతలి థార్న్‌హేవెన్‌లోనూ ఇదే నియమం. కానీ వాళ్ళు గుర్రాయన అనరు, వాళ్ళ మాట వేరే ఉంది. ఏమిటో మాకు ఆనాటి వరకు తెలియదు. మూడు మైళ్ళ దూరంలో ఉన్నా, వాళ్ళ పడవల దగ్గర మేమూ మా పడవల దగ్గర వాళ్ళూ ఆ జంతువు ఊసెత్తిన పాపాన పోలేదు మరి.

ఆ మార్చి మధ్యాహ్నం మంచు గాలివాన కొడుతోంది. పొద్దున్నే కాడ్ చేపల గాలాలు లాగడానికి దక్షిణానికి వెళ్ళిన లూక్, అతని తోడు జేక్ ఆర్చ్‌బోల్డ్ తిరిగి రాలేదు. ఆ మాట చెప్పడానికి హానా శాలువా తలకు చుట్టుకుని బోటు షెడ్డుకు పరుగెత్తుకొచ్చింది. ఆమె గుమ్మంలో ఉండగానే షెడ్డులో టెలిఫోను మోగింది. తీసినవాడు మాథ్యూ. అవతల థార్న్‌హేవెన్ కాపలా గోపురం మనిషి, పుట్టుకతో జాలరి.

"దీవి నుంచొచ్చే సరుకు బోటు ఇంజను ఆగిపోయిందయ్యా. నల్లరాళ్ళ మీదికి కొట్టుకుపోతోంది. త్వరగా రండి."

"ఎంతమందున్నారు?"

"ముగ్గురు మనుషులు." కాసేపు ఆగాడు. "పంతొమ్మిది మంది పెద్దమనుషులు."

చలికాలంలో థార్న్‌హేవెన్ ఎదుటి దీవికి బాతుల వేటకు పట్నం పెద్దమనుషులు గుంపులుగా రావడం మామూలే. "నడవగలిగినవాళ్ళేనా?" అని అడిగాడు మాథ్యూ.

"బాగా బలిసినవాళ్ళు. ఒకటే కంగారు పడుతున్నారు, అరుపులు ఇక్కడిదాకా వినపడుతున్నాయి."

మాథ్యూ ఫోను పెట్టేశాడు. ఉత్తరాన ఇరవై రెండు ప్రాణాలు. దక్షిణాన రెండు, అందులో ఒకటి తన వెనకే పుట్టి తన చొక్కాలే తొడుక్కుని పెరిగిన ప్రాణం. బోటు ఒక్కటే.

"ఎటు?" అంది హానా.

"ఉత్తరం."

ఆమె వెళ్ళి మోకు భుజానికెత్తుకుంది. ఆ రోజు పాట మాత్రం పాడలేదు.

లూక్ కూర్చునే చోటు ఖాళీగానే ఉంచి ఆగ్నెస్ గారు నల్లరాళ్ళకు చేరుకున్నారు. సరుకు బోటు రాళ్ళ మధ్య ఒరిగి ఇరుక్కుని ఉంది. ముగ్గురిని తాళ్ళతో దింపుకున్నారు. చివర దిగినవాడు దీవి రైతు, కోటు లోపల ఏదో దాచుకుని ఉన్నాడు.

"మిగతావాళ్ళేరీ?" అని అరిచాడు మాథ్యూ.

"మిగతావాళ్ళెవరు?"

"పెద్దమనుషులయ్యా! పంతొమ్మిది మంది!"

రైతు నోరు తెరిచి చూశాడు. అతనిది పొలం పని చేసే జాతి, సముద్రపు పట్టింపులు తెలియవు. "పెద్దమనుషులేంటి సరంగు గారూ, నేను సంతకి తోలుకెళ్తున్న పందులండీ!" అని గాలిని మించి అరిచాడు.

ఏడుగురు సిబ్బంది ఒక్కసారిగా ఇనుము కోసం ఎగబడ్డారు. ఐజాక్‌కు అందినది పొగగొట్టం. ఆ అరచేతి మచ్చ ఈనాటికీ ఉంది, అడిగితే చూపిస్తాడు. ఇంతలో రైతు కోటు లోపలి నుంచి ఒక చిన్న పెద్దమనిషి ముక్కు బయటపెట్టి గుర్రుమన్నాడు. బోటులో అతను ఉన్నాడని అందరికీ తెలుసు. ఆ మాట నోటితో అనగలిగినవాడు ఒక్కడూ లేడు.

"మాథ్యూ, బోటులో ఏదో ఉంది," అన్నాడు ఐజాక్.

"ఏముంది?"

"ఏదో."

"ఏదో ఉంటే ఉండనీ. దక్షిణానికి పోనీ! ఎంత బలముంటే అంతా పెట్టు!"

మిగిలిన పద్దెనిమిది మంది పెద్దమనుషుల విషయం కూడా చెప్పేస్తే మంచిది. ఆటు వచ్చి నీరు తీశాక వారు వరుసగా రాళ్ళ మీదుగా నడిచి ఒడ్డుకు చేరి, థార్న్‌హేవెన్ వీధిలో షికారు చేశారు. వారికి ఎవరి సాయమూ అవసరం లేకపోయింది.

చీకటి పడే వేళకు లూక్ పడవ కనిపించింది. కనిపించింది అనడం కూడా ఎక్కువే. నీళ్ళతో నిండి, అంచులు మాత్రం తేలుతూ, ఆ అంచులకు ఇద్దరు మనుషులు వేలాడుతూ ఉన్నారు. జేక్‌ను ముందు లాగారు, తరువాత లూక్‌ను లాగారు. అతని ఎడమచెయ్యి తాడుకు బిగుసుకుపోయి విడిపించడానికి రాలేదు. బోటు అడుగున పడుకోబెట్టినప్పుడు లూక్ కళ్ళు తెరిచాడు. తెరవగానే ఎదురుగా కనిపించింది పెట్టెలోని ఒకే ఒక్క పొడి దుప్పటి. దాన్ని రైతు చాలాసేపటి కిందటే తీసి తన చిన్న పెద్దమనిషికి చుట్టేశాడు. అందులోంచి గులాబీ రంగు ముక్కు ఒకటి లూక్‌ను చూస్తోంది.

లూక్ చాలాసేపు దాన్ని చూశాడు. తరువాత చుక్కాని దగ్గర నిలబడ్డ అన్న వైపు చూశాడు.

"నాకంటే ముందు ఈయన్ని తెచ్చావా, అన్నయ్యా?"

అంతటి స్థితిలోనూ అతను ఆ పేరు పలకలేదు, చూడండి. చాలా ఏళ్ళ వరకు లూక్ తన అన్నతో నేరుగా మాట్లాడిన చివరి మాట అదే.

ఫలకం మీద ఆనాటి సేవ కింద 'అయిదుగురు' అని రాశారు. ఊళ్ళో జనం అయిదున్నర అంటారు. లూక్ ఎడమచేతికి రెండు వేళ్ళు పోయాయి. అతని పడవ పోయింది. మాథ్యూ ఆసుపత్రికి వెళ్ళి మంచం పక్కన నిలబడి, "పెద్దమనుషులన్నార్రా, నేనేం చెయ్యను?" అన్నాడు. లూక్ గోడ వైపు తిరిగి, హానాతో చెప్పాడు: "వదినా, ఆయనకి పెద్దమనుషులు కావాలట. మామూలు మనుషులు అక్కర్లేదని నాకు అర్థమైందని చెప్పు."

హానా రెండు చేతులూ నడుముకు పెట్టుకుంది. "మీ ఇద్దరి మధ్యా నేను తపాలా బంట్రోతుని కాదు. నోరుంది, చెవులున్నాయి. మీరే ఏడవండి," అని లేచి వెళ్ళిపోయింది. ఆమె ఒకసారి అన్నదంటే అన్నట్టే. నాటి నుండి ఒక్క కబురు కూడా మోయలేదు.

లూక్ సిబ్బంది నుండి తప్పుకుంటాడని ఊరంతా అనుకుంది. మరుసటి శీతాకాలం మొదటి తారాజువ్వ పేలగానే, అందరికంటే ముందు షెడ్డుకు చేరి, నీళ్ళలో తేల్చే బెండు కోటు తగిలించుకుని, ముందు భాగంలో తన చోట కూర్చున్నవాడు లూకే. అన్న చుక్కాని దగ్గర వెనక, తమ్ముడు ముందు, నడుమ ముప్పై అడుగుల మౌనం. ఆనాటి పొగమంచులో బోటు తిరిగి వస్తుండగా, నీళ్ళలో కనీకనిపించని రాయి ఒకటి లూక్ కంటబడింది. చెబితే అన్నతో మాట్లాడినట్టవుతుంది, చెప్పకపోతే అందరూ పోతారు.

"ఆగ్నెస్ గారూ!" అని గొంతు చించుకున్నాడు. "ఎడమకి! మీ సరంగుకి కళ్ళు లేకపోతే పోయె, మీకున్నాయిగా!"

చుక్కాని తిరిగింది. రాయి పక్కనుంచి జారిపోయింది. కాసేపటికి వెనకనుంచి మాథ్యూ గొంతు నిదానంగా వినిపించింది: "ఆగ్నెసూ, చూశానని చెప్పు. నువ్వు మంచిదానివని కూడా చెప్పు."

"నేను మంచిదాన్నని నేనే చెప్పుకోవాలా, మీరు చెప్పాలా?" అని ఐజాక్ ఆవిడ తరఫున గొణిగాడు. ఇద్దరూ వినిపించుకోలేదు.

ఈ విధంగా, 1947 నవంబరులో, శ్రీమతి ఆగ్నెస్ టింబ్రెల్ గారు తమ వృత్తి ధర్మానికి అదనంగా, జీతభత్యాలు లేని, నియామక పత్రం లేని, ఏ ప్రధాన కార్యాలయానికీ తెలియని ఒక నూతన బాధ్యతను స్వీకరించి, ఇరవై ఒక్క సంవత్సరాలు దానిని నిర్వహించారు. మొదట్లో కుడి, ఎడమ, మెల్లిగా, ఆపు అన్న నాలుగు మాటలే మోసేవారు. రాను రాను బరువు పెరిగింది. తుఫానులు లేని రోజుల్లో సాధన కోసం బోటును దింపేవారు కదా, ఆ సాధనలకు ఒక్కరోజు కూడా అన్నదమ్ములిద్దరిలో ఏ ఒక్కరూ గైరుహాజరు కాలేదు. కేంద్రం నిబద్ధతకు ఇది తార్కాణమని తనిఖీ అధికారులు మెచ్చుకునేవారు. మేమెవరమూ వారి అభిప్రాయాన్ని మార్చే ప్రయత్నం చేయలేదు.

"ఆగ్నెస్ గారూ, అమ్మకి రాత్రి మళ్ళీ ఆయాసమొచ్చింది. డాక్టరు ఇంకెన్నాళ్ళో ఉండదన్నాడు."

"ఆగ్నెసూ, సాయంత్రం వస్తానని చెప్పు. నేనొచ్చే టైముకి ఎవరైనా బయటికెళ్ళాలనుకుంటే వెళ్ళొచ్చని చెప్పు."

"బయటికెక్కడికి పోతామండీ ఈ చలిలో. కుర్చీలు రెండున్నాయని చెప్పండి, ఆగ్నెస్ గారూ."

తల్లి మంచానికి అటొకరు ఇటొకరు కూర్చుని తెల్లవార్లూ ఒక్క మాట మాట్లాడుకోలేదట. అక్కడ బోటు లేదు మరి. మూడేళ్ళ తరువాత ఒక ఎండ మధ్యాహ్నం, దీవిలో కాన్పు కష్టమైన ఆమెను ఆసుపత్రికి చేర్చి ఖాళీగా తిరిగి వస్తుండగా, ముందునుంచి లూక్ అన్నాడు: "ఆగ్నెస్ గారూ, వచ్చే శనివారం మా అమ్మాయి పెళ్ళి. రాదలచుకున్నవాళ్ళు రావచ్చు." ఐజాక్ అవసరం లేకపోయినా ఇంజను వేగం తగ్గించాడు. "ఆగ్నెసూ," అన్నాడు వెనకనుంచి మాథ్యూ, "ఏ టైముకో అడుగు."

ఈ ఏళ్ళలోనే ఆగ్నెస్ గారు మంచులో కూరుకుపోయిన దీపస్తంభానికి రొట్టెలు మోశారు, నార్వే కలప ఓడ నుండి తొమ్మిది మందినీ ఒక పిల్లినీ తెచ్చారు, బడి పిల్లలు తెప్ప కట్టుకుని దేశాంతరం బయలుదేరితే చెవి పట్టుకుని వెనక్కి లాగారు. అవన్నీ ఫలకం మీద ఉన్నాయి, వచ్చి చదువుకోవచ్చు.

1968 వసంతంలో ఆదేశం వచ్చింది. రెండు డీజిలు ఇంజన్లు, కప్పు ఉన్న గది, రాడారు గల కొత్త బోటు రాబోతోంది. ఆగ్నెస్ గారు సెప్టెంబరులో పదవీ విరమణ చేస్తారు. దక్షిణాన ఒక నది ఒడ్డున పిల్లలకు పడవ పని నేర్పే శిక్షణాలయం వారు ఆవిడను తీసుకుంటారు. మాథ్యూకు అరవై నిండాయి, అదే రోజున చుక్కాని అప్పగించాలి. లూక్‌కూ వయసు మీరింది. ఊరంతా కొత్త బోటు గురించి మాట్లాడుకుంటుంటే మాథ్యూ మాత్రం ఆ వేసవంతా సాయంత్రాలు షెడ్డులో కూర్చుని, మెరుస్తున్న ఇత్తడినే మళ్ళీ మళ్ళీ తుడిచాడు.

"బోటు పోతోందని బెంగా, తమ్ముడు పోతున్నాడని బెంగా?" అని అడిగింది హానా.

"రెండూ ఒకటేగా," అన్నాడు మాథ్యూ. "ఆవిడ వెళ్ళిపోతే వాడితో నాకు మాటెక్కడుంది హానా? ఒకే వీధిలో ఉండి వాడు చచ్చినా నేను చచ్చినా పక్కింటివాళ్ళు చెప్తే తెలియాలి."

ఐజాక్ ఒక ఉపాయం చెప్పబోయాడు. "కొత్త బోటుని చూడ్డానికి ఇద్దరూ వస్తారుగా. ఆవిడతో మాట్లాడుకోండి."

"కొత్తావిడకి వైర్‌లెస్ ఉంది. మనమో మాటంటే తీరమంతా వింటుంది," అన్నాడు మాథ్యూ. నవ్వించడానికి అన్న మాటే గాని, అతను నవ్వలేదు.

వీడ్కోలు సభ సెప్టెంబరు చివరి శనివారం మధ్యాహ్నం, తీరం మీద జరిగింది. గాలి లేదు, సముద్రం పళ్ళెంలో పోసినట్టు ఉంది. ప్రధాన కార్యాలయం వారు వచ్చారు, బాజాలు వచ్చాయి. టీ పోశారు, రొట్టెల మధ్య పెట్టినదాన్ని అందరూ తృప్తిగా తిన్నారు, అది ఏ మాంసమని ఎవరూ అడగలేదు. వక్తలు ఒకరి తరువాత ఒకరు ఆగ్నెస్ గారు కాపాడిన ప్రాణాల సంఖ్య చెప్పారు. మాథ్యూ వంతు వచ్చింది. అతను వేదిక ఎక్కలేదు. ఇనుప చక్రాల బండి మీద ఉన్న బోటు దగ్గరికి నడిచి, టోపీ తీసి, సభకు వీపు పెట్టి ఆవిడతోనే మాట్లాడాడు. లూక్ జనంలో చివర, చేతులు జేబుల్లో పెట్టుకుని ఉన్నాడు.

"ఆగ్నెసూ, ఇదే చివరిసారి, కాబట్టి కాస్త పెద్దది మొయ్యాలి నువ్వు. ఆ రోజు ఫోన్లో నేను ఎంతమందని అడిగాను. ఎవరని అడగలేదు. పెద్దమనుషులని పోలేదు, పంతొమ్మిది మందని పోయాను. వాళ్ళు పంతొమ్మిది మంది వల లాగేవాళ్ళయినా అటే తిప్పేవాణ్ణి. మళ్ళీ ఇవాళ ఆ ఫోనొచ్చినా అటే తిప్పుతాను. తప్పు చేశానని చెప్పమంటే చెప్పలేను. కానీ నీకు తెలుసు, వెళ్తున్నంతసేపూ దక్షిణం వైపు తల తిప్పలేదు నేను. తిప్పితే చుక్కాని కూడా తిరిగిపోతుందని భయమేసి తిప్పలేదు. ఆ రెండు వేళ్ళకి బదులు నా చెయ్యి మొత్తం తీసుకోమంటే ఇచ్చేవాణ్ణి. దుప్పటి సంగతి మాత్రం..." చేతిలోని టోపీని అటూ ఇటూ తిప్పాడు. "దుప్పటి నేను చూసుకోవాల్సింది. ఇది చెప్పు వాడికి."

అందరి కళ్ళూ లూక్ వైపు తిరిగాయి. లూక్ తన బూట్ల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. ప్రధాన కార్యాలయం అధికారి ఏమీ అర్థం కాక చప్పట్లు కొట్టాడు, బాజా అందుకున్నారు.

ఆడవాళ్ళు ఆఖరిసారి మోకులు భుజాలకెత్తుకున్నారు. అరవై దాటిన హానా ముందు నిలిచి, ముప్పై రెండేళ్ళ కిందటి పాటే అందుకుంది. ఆగ్నెస్ గారు నీళ్ళలోకి జారారు. ఐజాక్ చివరిసారి ఇంజను నడిపించి దిగాడు. కుర్రవాళ్ళు నలుగురు ఆవిడను దక్షిణానికి తీసుకుపోయారు. తీరం మీద మిగిలింది ఖాళీ అయిన ఇనుప చక్రాల బండి, దాని పక్కన మాథ్యూ. జనం టీ బల్లల దగ్గరికి మళ్ళారు. లూక్ మళ్ళలేదు. మెల్లిగా నడిచి వచ్చి బండికి అవతలి పక్కన నిలబడ్డాడు. బోటు చిన్నదై, చిన్నదై, దక్షిణపు కొండ మలుపు దగ్గరికి చేరింది.

"ఆగ్నెస్ గారూ," అన్నాడు లూక్, అలవాటుగా. అని ఆగిపోయాడు. ఎదురుగా ఖాళీ బండి ఉంది.

"ఆవిడకి... వినపడుతుందా ఇంకా?"

ఎవరిని అడుగుతున్నాడో మాథ్యూకు వెంటనే తెలియలేదు. చుట్టూ చూశాడు. వేరే ఎవరూ లేరు.

"లేదు," అన్నాడు. "మలుపు తిరిగింది. వినపడదు."

"నిజంగా?"

"నిజంగా."

లూక్ ఊపిరి నిండా గాలి పీల్చుకున్నాడు. "అయితే విను. పంది."

మాథ్యూ చెయ్యి తనంత తాను చక్రం ఇనుప పట్టా మీదికి దూకింది. అదే క్షణంలో లూక్ చెయ్యి కూడా దూకింది, అన్న చేతి మీద పడింది. మూడు వేళ్ళ చెయ్యి. దాన్ని లూక్ తీయలేదు.

"పంది, అన్నయ్యా! పందే! ఒక్క పంది పిల్ల కోసం ఇరవై ఏళ్ళు!" అని అరిచాడు. అరుస్తూ నవ్వాడో ఏడ్చాడో చూసినవాళ్ళు ఒక మాట మీద లేరు. "ఆ మాట ఆవిడ ముందు ఎలా అనను? అనకుండా నీతో ఎలా పోట్లాడను?"

టీ బల్లల దగ్గర ఊరు ఊరంతా గంటెలూ చెంచాలూ పట్టుకుని నిలబడిపోయింది. హానా కెటిల్ దించింది. "చేతులు ఆ చక్రమ్మీంచి తియ్యకండి ఇద్దరూ, ఇంకా ఎన్నిసార్లు అనాలో అనేసుకోండి," అంది. "అయ్యాక రండి. టీ చల్లారిపోతోంది."

శ్రీమతి ఆగ్నెస్ టింబ్రెల్ గారికి ఈ సంచిక మూలంగా స్కెల్‌బర్న్ కేంద్రం సమస్త సిబ్బంది, మోకు లాగిన ఆడపడుచులు, కాపాడబడిన వారు, వారి సంతానం, సవినయంగా విన్నవించుకునేది ఏమనగా: నది నీరు తియ్యనిది, అలవాటు పడడానికి కొంత సమయం పట్టవచ్చును, పిల్లలు అల్లరివారు, ఇత్తడిని సరిగా తుడవకపోవచ్చును, సహించగలరు. తమ పలకలు బిగువు సడలక, ఇంజను దమ్ము తగ్గక, అడుగున చెమ్మ చేరక, సంపూర్ణ ఆరోగ్యంతో చిరకాలం వర్ధిల్లాలని మా అందరి ఆకాంక్ష. ఇక్కడి విషయమై తాము ఎంతమాత్రం బెంగపెట్టుకోవద్దు. మాథ్యూ, లూక్ రోజూ సాయంత్రం ఖాళీ బండి మీద కూర్చుని, ఆ రోజు ఉత్తరానికి వెళ్ళవలసిందా దక్షిణానికి వెళ్ళవలసిందా అని, నేరుగానే పోట్లాడుకుంటున్నారు.